వికరేజా, థర్స్‌డే క్లబ్బా? నవ్వించే మిస్టరీ ఏది ముందు చదవాలి

అందరూ మంచివాళ్ళలా కనబడే ప్రశాంతమైన చోటు, ఇంటింటికీ ఒక గుట్టు, మధ్యలో ఒక శవం, చదువుతుంటే నవ్వు కూడా రావాలి, అలాంటిది ఒకటి చెప్పు అని అడిగేవాళ్ళంతా చివరికి ఈ రెండిట్లో ఏది ముందు అనే దగ్గరే ఆగుతున్నారు. 1930లో అగాథా క్రిస్టీ రాసిన ద మర్డర్ ఎట్ ద వికరేజ్ (వికరేజ్ అంటే చర్చి ఫాదర్ ఉండే ఇల్లు), 2020లో వచ్చిన రిచర్డ్ ఆస్మన్ ద థర్స్‌డే మర్డర్ క్లబ్. ఈ మధ్యే రెండూ వెంటవెంటనే మళ్ళీ చదివా కాబట్టి చెప్తున్నా. హంతకుడెవరో చెప్పను, భయపడకండి.

ఆస్మన్ పుస్తకం పట్టుకుంటే వదలదు. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో ఒక రిటైర్మెంట్ విలేజ్, డెబ్భై దాటిన నలుగురు గురువారం గురువారం కూర్చుని తేలని పాత కేసుల ఫైళ్ళు తిరగేస్తుంటారు, ఆ గదిలోకి ఇంకెవరూ తొంగిచూడకుండా జపనీస్ ఒపెరా మీద చర్చ అని బుక్ చేసుకుంటారు. ఆ నలుగురిలో జాయిస్ అనే ఆవిడ డైరీలో హత్య గురించి మొదలుపెట్టి ఎక్కడెక్కడికో వెళ్ళిపోతుంటే నవ్వు ఆగదు, మళ్ళీ వాళ్ళలోనే ఇంకొకావిడ ఎలిజబెత్ భర్తకి జ్ఞాపకం జారిపోవడం దగ్గరికొచ్చేసరికి గుండె పట్టేస్తుంది. ఇది క్రిస్టీ దగ్గర దొరకదు, ఒప్పుకోవాల్సిందే.

కానీ నేను చూసేది ఒక్కటే. మనం నవ్వేసి వదిలేసిన విషయం తర్వాత ఆధారమై ఎదురొస్తుందా లేదా? ఆస్మన్ దగ్గర నవ్వు ఎక్కువగా మాటల్లో ఉంటుంది, మిస్టరీ దాని దారిన అది నడుస్తుంటుంది. వికరేజ్‌లో ఈ రెండిటినీ విడదీయలేం. కథ చెప్పేది చర్చి ఫాదర్, ఆయనే మొదట్లో భోజనం దగ్గర కూర్చుని, కల్నల్ ప్రోథెరోని ఎవరైనా చంపితే లోకానికి మేలు చేసినట్టే అనేస్తాడు, తీరా ఆ కల్నల్ ఈయన గదిలోనే శవమై దొరుకుతాడు. ఆ గదిలో గడియారం ఎప్పుడూ పావుగంట ముందుకి పెట్టుంటుంది, ఈయన టైముకి బయల్దేరాలని. మామూలు ఇంటి చాదస్తం. హత్య జరిగిన టైము ఆ గడియారం మీదే ఆధారపడుతుంది, ఈయన చెప్పబోతే ఇన్‌స్పెక్టర్ స్లాక్ నోరు తెరవనివ్వడు (స్లాక్ అంటే బద్ధకం, ఈయనకేమో కాలు నిలవదు). ఆ సీన్‌కి మొదటిసారి పగలబడి నవ్వా, రెండోసారి చదివితే ఆ నవ్వు సందులో క్రిస్టీ ఎంత దాచిందో అర్థమైంది.

పైగా గుట్లు కూడా ఇందులోనే ఎక్కువ. ఎందుకొచ్చిందో తెలీని కొత్తావిడ, బొమ్మలేసే కుర్రాడు, పక్షుల్ని చూసే వంకతో వీధంతా చూసే, కేసులు తేల్చే ముసలావిడ మిస్ మార్పుల్. కల్నల్ పోతే సంతోషించేవాళ్ళు కనీసం ఏడుగురున్నారని ఆవిడ లెక్క. హత్య ఒక్కటే, మిగతావాళ్ళు తమ తమ గుట్లు దాచుకోడానికి అబద్ధాలాడి కేసుని కంపు చేస్తారు. నాకు నచ్చేది ఇదే.

లోపం లేదా అంటే ఉంది, జనం మరీ ఎక్కువ, క్రిస్టీయే ఆత్మకథలో ఆ మాట ఒప్పుకుంది. మొదటి యాభై పేజీలు పేర్లు రాసుకుని చదవండి, సిగ్గుపడక్కర్లేదు.

ఆ ప్రశాంతమైన చోటు సబర్బే (సిటీ శివారు కాలనీ) అయ్యుండాలంటే 2021 నాటి ఫిన్లే డోనవన్ ఈజ్ కిల్లింగ్ ఇట్ ఉంది, ఎల్ కోసిమానోది. నవల కథ మాట్లాడుకుంటున్న రచయిత్రిని కిరాయి హంతకురాలనుకుని ఒకావిడ బేరం పెడుతుంది. సరదాగా అయిపోతుంది, అంతే.

నా ఓటు వికరేజ్‌కి. ఒంట్లో బాలేక పడుకుని చదవాలంటే మాత్రం ఆస్మన్ తీసుకోండి, పేర్ల గొడవ ఉండదు. దాని సినిమా 2025లో వచ్చింది, అది చూసేసినవాళ్ళు ఇంక ఆలోచించకుండా క్రిస్టీతో మొదలుపెట్టేయండి.