నోటో సాన్స్ బుగినీస్ ఫాంట్: ఫ్రీయే, కానీ ప్రింటింగ్ షాపుకి వెళ్లేముందు ఇది చదవండి

ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నా. పోయిన ఆ ఒక్క స్టార్ సంగతి తర్వాత.

మా చెల్లి కాలేజీలో ఎగ్జిబిషన్ కోసం, బ్రాహ్మి నుంచి పుట్టిన లిపుల్లో 'క' ఎలా ఉంటుందో చూపించే పెద్ద చార్ట్ చేయాల్సొచ్చింది. తమిళం, బర్మా, ఖ్మేర్ అన్నీ ఈజీగానే దొరికాయి, చివర్లో మిగిలింది బుగినీస్. ఇండోనేషియాలో దక్షిణ సులవేసి వాళ్ల లిపి, లొంతరా అని కూడా అంటారు, బుగిస్ భాషతో పాటు మకస్సర్, మందార్ భాషలకీ వాడారు. అందులో 'క' అంటే పక్కపక్కనే రెండు వాలు గీతలు, అంతే! మన గుండ్రటి 'క' పక్కన పెడితే ఇద్దరూ ఒకే ఇంటివాళ్లంటే ఎవరూ నమ్మరు.

ఫాంట్ గూగుల్ వాళ్ల నోటో ఫ్యామిలీది. డబ్బులు కట్టక్కర్లేదు, వ్యాపారానికి వాడుకున్నా ఎవరూ అడగరు. విండోస్ 10 ఉన్నవాళ్లకి లీలావాడీ యూఐ అనే ఫాంట్‌లో ఈ అక్షరాలు ముందే ఉంటాయి, కానీ నాకు నోటో గీతలే శుభ్రంగా అనిపించాయి.

యూనికోడ్ అంటే ప్రపంచ లిపుల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబర్ ఇచ్చే పద్ధతి. అందులోకి తెలుగు 1991లో మొదటి వెర్షన్‌తోనే వచ్చేసింది, బుగినీస్ మాత్రం 2005లో 4.1 వెర్షన్‌తో వచ్చింది. దానికి ఇచ్చింది 32 గళ్లు (ఒక్కో నంబర్ ఒక్కో గడి), నిండినవి 30: హల్లులు, వాటితో పాటు 'అ' కలిపి 23 అక్షరాలు, 5 గుణింతం గుర్తులు, 2 విరామ చిహ్నాలు. ఇ, ఉ లాంటి వాటికి వేరే అక్షరాలు లేవు, 'అ'కే గుర్తు తగిలిస్తారు. పొల్లు గుర్తు కూడా లేదు, మాట చివర పొల్లు హల్లుని అసలు రాయరు, చదివేవాడే ఊహించుకోవాలి. మన ఒత్తులతో కుస్తీ పట్టేవాళ్లకి ఇది స్వర్గమే.

'క' యూనికోడ్ నంబర్ 1ఏ00, ఆ 32 గళ్లలో మొట్టమొదటిది. అది ఎక్కడైనా బాగానే పడుతుంది. అసలు తలనొప్పి 'కె' దగ్గర. ఎత్వం గుర్తు అక్షరానికి ఎడమ పక్కన కనిపిస్తుంది, కానీ కంప్యూటర్‌లో ముందు 'క' ఉండాలి, ఆ తర్వాతే గుర్తు. హిందీలో 'కి' రాసినప్పుడు గుడి ముందుకి దూకుతుంది కదా, అదే పద్ధతి. ఫాంట్ ఈ పని తప్పు లేకుండా చేస్తుంది, బ్రౌజర్‌లో చూశాను, పర్ఫెక్ట్.

చిక్కడపల్లిలో ఒక డీటీపీ షాపుకి తీసుకెళ్తే మాత్రం అక్కడి పాత సాఫ్ట్‌వేర్‌లో గుర్తు ఎగరలేదు, చుక్కల వలయం (అక్షరం తోడు దొరకని గుర్తుకి కంప్యూటర్ చూపించే ఖాళీ సున్నా) మీద కూర్చుని వెక్కిరించింది. ఆపరేటర్ "భయ్యా, గుర్తు ముందు కొట్టేద్దాం, కాగితం మీద ఎవరికి తెలుస్తుంది" అన్నాడు. కాగితం వరకు నిజమే. కానీ ఆ ఫైల్‌నే రేపు వెబ్‌సైట్‌లో పెడితే 'కె' అని వెతికినవాడికి అది దొరకదు. పాపం వాళ్ల అలవాటు అలాంటిది, పాత తెలుగు డీటీపీ ఫాంట్లలో ఇంగ్లీష్ అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టేవాళ్లు, ఫాంట్ తీసేస్తే మన పెళ్లికార్డు మొత్తం పిచ్చి ఇంగ్లీష్‌గా మారిపోయేది. యూనికోడ్‌లో ఆ భయం లేదు. ఫాంట్ లేకపోతే డబ్బా కనిపిస్తుందేమో గానీ, లోపల 1ఏ00 అలాగే ఉంటుంది.

ఇక పోయిన స్టార్. దీంట్లో రెగ్యులర్ తప్ప బోల్డ్ లేదు. హెడ్డింగ్ కోసం సాఫ్ట్‌వేర్ బలవంతంగా లావు చేస్తే చుక్కలన్నీ గీతలకి అంటుకుంటాయి. ఈ లిపిలో ఇత్వానికి పైన చుక్క, ఉత్వానికి కింద చుక్క, అవి చెదిరితే అక్షరమే మారిపోయినట్టు. హెడ్డింగ్‌కి లావు బదులు సైజు పెంచుకోండి.

ప్రింట్‌కి ఇచ్చేటప్పుడు మామూలు లిబ్రేఆఫీస్ రైటర్‌లో టైప్ చేసి, ఫాంట్ లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. షాపువాళ్లు ఫైల్‌ని వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తెరుస్తామంటే ఒప్పుకోకండి, నేరుగా ప్రింట్ కొట్టమనండి.