ఆన్‌లైన్ పాఠాలకు, స్పీచ్ థెరపీకి ఓబీఎస్ స్టూడియో

ఓబీఎస్ స్టూడియో కంప్యూటర్ తెరను, శబ్దాన్ని రికార్డు చేసే ప్రోగ్రామ్. ఉచితం, వాటర్‌మార్క్ పడదు, ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. పిల్లల థెరపీకి ఈ చివరిదే అసలు సుగుణం; తల్లిదండ్రుల అనుమతి మాత్రం ముందే తీసుకోవాలి. తెర మొత్తాన్నీ పట్టే డిస్‌ప్లే క్యాప్చర్ వద్దు, మధ్యలో వచ్చే వాట్సాప్ మెసేజ్ కూడా రికార్డవుతుంది. ఎంచుకున్న ఒక్క విండోనే పట్టే విండో క్యాప్చర్ పెట్టండి. బ్రౌజర్ నల్లగా కనిపిస్తే క్యాప్చర్ పద్ధతిని విండోస్ 10కి మార్చాలి.

అవుట్‌పుట్‌ను అడ్వాన్స్‌డ్‌లో పెట్టి రెండు ఆడియో ట్రాకులు టిక్ చేసి, ఆడియో మిక్సర్‌లో మైకును ఒకదానికి, డెస్క్‌టాప్ ఆడియోను (కంప్యూటర్‌లో వినిపించే అవతలివాళ్ల గొంతు) రెండోదానికి కేటాయిస్తే పిల్లాడి ఉచ్చారణ విడిగా వినొచ్చు. హెడ్‌సెట్ లేకపోతే స్పీకర్ శబ్దం మైకులోకి దూరి ఈ శ్రమంతా వృథా.

వీడియో ఫైలు ఫార్మాట్ ఎంకేవీ అయితే కరెంటు పోయినా అప్పటిదాకా రికార్డయింది దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ఉన్న రీమక్స్‌తో (ఫైలు ఫార్మాట్ మార్చే సదుపాయం) ఎంపీ4 చేసుకోవచ్చు. వీడియో బిట్‌రేట్ (సెకనుకు నమోదయ్యే డేటా) 2500 కేబీపీఎస్ అయితే ఫైలు గంటకు 1.1 జీబీ పైనే. మెనూలు మాత్రం కొత్తవాళ్లను బెదరగొడతాయి.