ముందు మౌస్, తర్వాతే కీబోర్డు: లాజిటెక్ ఎంకే270 వైర్‌లెస్ సెట్ సమీక్ష

వైర్‌లెస్‌కు మారాలనుకునేవాళ్లు చాలామంది కీబోర్డు, మౌస్ ఒకే డబ్బాలో వచ్చే కాంబోతోనే మొదలుపెడతారు. అలాంటి వాటిలో ఏ ఊళ్లోనైనా తేలిగ్గా దొరికేది లాజిటెక్ ఎంకే270. సెట్ మంచిదే. అయినా కొనేముందు ఒక్క మాట. వైరుతో ఇబ్బంది పడేది మౌస్, కీబోర్డు కాదు. మౌస్ రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. దాని వైరు టేబుల్ అంచుకు రాసుకుంటుంది, టీ గ్లాసుకు తగులుతుంది, చివరకు మౌస్‌లోకి వెళ్లే చోటే లోపల తీగ తెగుతుంది. కీబోర్డు మాత్రం పెట్టినచోటే ఉంటుంది. వైర్డ్ కీబోర్డు బాగా పనిచేస్తుంటే దాన్ని అలాగే ఉంచి, ముందు మౌస్ ఒక్కటే మార్చండి. ఈ సెట్‌లోని ఎం185 మౌస్ విడిగా కూడా అమ్ముతారు. టేబుల్ ఖాళీగా కనిపించాలన్నా, టీవీకి కంప్యూటర్ తగిలించి దూరం నుంచి వాడాలన్నా, ల్యాప్‌టాప్‌ను స్టాండ్ మీద ఎత్తులో పెట్టి పనిచేయాలన్నా అప్పుడు రెండూ కలిపి కొనడంలో అర్థం ఉంది.

బిగించడం రెండు నిమిషాల పని. కీబోర్డుకు రెండు సన్న పెన్సిల్ సెల్స్, అంటే ట్రిపుల్ ఏ. మౌస్‌కు ఒక మామూలు పెన్సిల్ సెల్, అంటే డబుల్ ఏ. సెల్స్ డబ్బాలోనే వస్తాయి, వాటి దగ్గరున్న ప్లాస్టిక్ పట్టీ లాగేయాలి. కీబోర్డు, మౌస్ సంకేతాలను అందుకుని కంప్యూటర్‌కు చేర్చే గోరంత రిసీవర్ బయట కనపడకపోతే కంగారు పడొద్దు, మౌస్ అడుగు మూత తీసి సెల్ పక్కన చూడండి, దాన్ని దాచుకునే గూడు అక్కడే ఉంటుంది. యూఎస్‌బీ పోర్టులో గుచ్చితే కీబోర్డు, మౌస్ రెండూ దానితోనే పనిచేస్తాయి. డ్రైవర్ అక్కర్లేదు. కంప్యూటర్‌కు ఇది మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనపడుతుంది కాబట్టి బయోస్‌లోనూ (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర), విండోస్ ఎక్కించేటప్పుడూ పనిచేస్తుంది. బ్లూటూత్ కీబోర్డులతో ఇక్కడే చిక్కు. సిస్టమ్ లోడయ్యేదాకా చాలావాటిని కంప్యూటర్ గుర్తించదు. సొంతంగా ఫార్మాట్ చేసుకునేవాళ్లు, డెస్క్‌టాప్ వాడేవాళ్లు రిసీవర్ రకమే తీసుకోవడం మంచిది.

ఇక అసలు సంగతి రిసీవర్‌ను ఎక్కడ గుచ్చుతారన్నది. "వైర్‌లెస్ అంతే, అక్షరాలు మింగేస్తుంది" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం కీబోర్డు కాదు, పోర్టు. ఈ సెట్ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ మీద మాట్లాడుకుంటుంది. వైఫై, బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే ఉన్నాయి. వాటితో ఎలాగోలా సర్దుకుంటుంది. సర్దుకోలేనిది పక్కనే ఉండే యూఎస్‌బీ 3 పోర్టుతో. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పారుతున్నప్పుడు ఆ పోర్టు, దాని కేబుల్, దానికి తగిలించిన హార్డ్ డిస్క్ అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ రేడియో రొదను వెదజల్లుతాయి. దీన్ని ఇంటెల్ సంస్థే 2012లో ఒక పత్రంలో వివరంగా రాసింది. బయటి హార్డ్ డిస్క్‌కు ఫైళ్లు కాపీ అవుతున్నంతసేపూ మౌస్ తడబడి, కాపీ అవగానే బాగైపోయిందంటే కారణం ఇదే.

డెస్క్‌టాప్‌లో ఇంకో తప్పు కూడా జరుగుతుంటుంది. రిసీవర్‌ను క్యాబినెట్ వెనక గుచ్చి, ఆ క్యాబినెట్‌ను టేబుల్ కింద గోడకు ఆనించి పెడతారు. కీబోర్డుకూ రిసీవర్‌కూ మధ్య ఇనప డబ్బా అడ్డం. 10 మీటర్ల రేంజ్ అని డబ్బా మీద రాసిన మాట ఎదురుగా ఏ అడ్డూ లేనప్పటిది. ముందువైపు పోర్టుకు మార్చండి, అందులోనూ లోపలి ప్లాస్టిక్ నల్లగా ఉన్న యూఎస్‌బీ 2 పోర్టుకు. నీలం రంగుది సాధారణంగా యూఎస్‌బీ 3. ముందువైపు నల్లది లేకపోతే ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని, రిసీవర్‌ను టేబుల్ మీదకు తెచ్చి మానిటర్ కింద అతికించండి. ఇంత చవకైన, ఇంత ఖాయమైన మందు మరోటి లేదు. కొత్త ల్యాప్‌టాప్‌లకు వాడే టైప్-సి హబ్‌లతో మరింత జాగ్రత్త. హబ్‌లో రిసీవర్, హార్డ్ డిస్క్, హెచ్‌డీఎంఐ వేలెడు దూరంలో ఇరుక్కుని ఉంటాయి. అక్కడ మౌస్ తడబడకపోతేనే ఆశ్చర్యపోవాలి.

కొన్నాక సెట్‌ను పరీక్షించడానికి తెలుగులో టైప్ చేయడం మంచి పద్ధతి. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ పెట్టుకుని "అమ్మ" అని వేగంగా ఓ పది వరసలు కొట్టండి. షిఫ్ట్‌తో డి, తర్వాత సి, మళ్లీ డి, మళ్లీ సి. ఉత్త డి కీ పొల్లును ఇస్తుంది. ఆ ఒక్క నొక్కు దారిలో పోతే "అమమ" అని పడుతుంది, వెంటనే కంటికి తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో పోయిన అక్షరాన్ని ఆటోకరెక్ట్ దిద్దేస్తుంది కాబట్టి లోపం బయటపడదు. కీ నొక్కినప్పుడు ఒక సందేశం, వదిలినప్పుడు ఇంకో సందేశం రిసీవర్‌కు వెళ్తాయి. మొదటిది అందకపోతే అక్షరం పడదు. రెండోది అందకపోతే మీరు కీని ఇంకా పట్టుకునే ఉన్నారనుకుని కంప్యూటర్ "మమమమ" అని కొడుతూ పోతుంది. ఈ రెండింటిలో ఏది కనిపించినా ముందు పోర్టు మార్చండి, తర్వాత సెల్స్ మార్చండి. అప్పటికీ తగ్గకపోతేనే షాపుకు తీసుకెళ్లండి.

సెల్స్ విషయంలో కంపెనీ మౌస్‌కు ఏడాది, కీబోర్డుకు అంతకంటే బాగా ఎక్కువ అంటుంది. అది ఆల్కలైన్ సెల్స్‌తో, ఓ మోస్తరు వాడకం లెక్క. రోజుకు ఎనిమిది గంటలు పనిచేసే టేబుల్ మీద మౌస్ సెల్ అంతకంటే ముందే అయిపోతుందనుకోండి. సెల్ అయిపోవడం కన్నా కారడం పెద్ద సమస్య. గోడ గడియారంలో వేసే చవక జింక్-కార్బన్ సెల్స్ ఇందులో వేయకండి, అవి తొందరగా కారతాయి. కీబోర్డులోని రెండు సెల్స్‌నూ ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేస్తే బలహీనమైనది పూర్తిగా ఎండిపోయి కారుతుంది. ఆల్కలైన్ సెల్ కారి స్ప్రింగ్ మీద తెల్లటి పొడి పేరుకుంటే, అది క్షారం కాబట్టి చేతికి అంటనీయకుండా దూది పుల్లకు రెండు చుక్కల నిమ్మరసమో వెనిగరో అద్ది తుడవండి. తర్వాత పొడి పుల్లతో తుడిచి, పూర్తిగా ఆరాకే కొత్త సెల్ వేయండి. రీచార్జబుల్ నికెల్ సెల్స్ కూడా నిక్షేపంగా పనిచేస్తాయి. వాటి వోల్టేజీ 1.5 కాదు, 1.2 కాబట్టి సెల్ తగ్గిందన్న హెచ్చరిక కాస్త తొందరగా రావచ్చు, అంతే. నెలల తరబడి వాడరనుకుంటే సెల్స్ తీసి పక్కన పెట్టండి.

మౌస్ 1000 డీపీఐ, అంటే అంగుళం కదిలితే వెయ్యి చుక్కల మేర గుర్తిస్తుంది. ఆఫీసు పనికి, బ్రౌజింగ్‌కు సరిపోతుంది. ఎడమచేతివాళ్లకూ కుదిరే ఆకారం. అయితే చిన్నది, పెద్ద అరచేతికి నిండదు. పక్కన బ్యాక్, ఫార్వర్డ్ బటన్లు లేవు. పారదర్శకమైన గాజు మీద పనిచేయదు, అద్దంలా పాలిష్ చేసిన గ్రానైట్ మీద గెంతుతుంది. గుడ్డ ప్యాడ్ ఒకటి వేసుకోండి. కీబోర్డు ఫుల్ సైజు, నంబర్ ప్యాడ్ ఉంది, కాబట్టి ట్యాలీ ఎంట్రీలు చేసేవాళ్లకు లోటు లేదు. కీలు మెత్తగా, శబ్దం తక్కువగా ఉంటాయి. బ్యాక్‌లైట్ లేదు. కీల మీద తెలుగు అక్షరాలు లేవు, కావాలంటే స్టిక్కర్లు అతికించుకోవాలి. డీటీపీ సెంటర్లలో ఏళ్లుగా కనపడే టీవీఎస్ గోల్డ్ లాంటి మెకానికల్ కీబోర్డుకు అలవాటుపడిన చేతులకు మాత్రం ఇది నచ్చదు. నొక్కితే టక్కుమని తెలియాలనుకునేవాళ్లు, రోజూ పేజీలకు పేజీలు కొట్టేవాళ్లు ఆ వైర్డ్ కీబోర్డునే ఉంచుకుని పక్కన వైర్‌లెస్ మౌస్ పెట్టుకోవడమే సరైన జోడీ.

భద్రత సంగతి ఎవరూ అడగరు, కానీ అడగాలి. 2016లో బాస్టిల్ అనే సంస్థ పరిశోధకులు రెండు లోపాలు బయటపెట్టారు. మౌస్‌జాక్ అన్నది మొదటిది. ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లు చదవలేకుండా సంకేతలిపిగా మార్చడం) లేని మౌస్ సంకేతాల దారిలో దూరి, బయటివాళ్లు మీ కంప్యూటర్‌లో కీలు నొక్కినట్టు చేయగలగడం. పేరున్న కంపెనీల రిసీవర్లకూ ఇది వర్తించింది. లాజిటెక్ ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ ఇచ్చింది. రెండోది కీస్నిఫర్. కొన్ని చవక కీబోర్డులు మీరు కొట్టేదాన్ని ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా గాల్లోకి వదిలేస్తున్నాయని తేలింది, పాస్‌వర్డ్‌లతో సహా. ఎంకే270 కీబోర్డు నుంచి రిసీవర్‌కు వెళ్లే దారిలో ఏఈఎస్ అనే ప్రామాణిక పద్ధతిలో 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ ఉంది. డబ్బా మీద ఎన్‌క్రిప్షన్ మాటే లేని ఊరూపేరూ లేని సెట్‌ను బ్యాంకు పనికి, ఆఫీసు లెక్కలకు వాడకండి. అక్కడ కొంత డబ్బు ఆదా చేయడం తెలివైన పని కాదు.

కంప్యూటర్ ల్యాబ్‌లకు, ఆన్‌లైన్ పరీక్షా కేంద్రాలకు, ఇంటర్నెట్ సెంటర్లకు వైర్డ్ తప్ప మరోటి సిఫారసు చేయం. ఒకే గదిలో ముప్ఫై నలభై రిసీవర్లు ఒకే బ్యాండ్‌లో అరుచుకుంటుంటే ఎవరి మౌస్ ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. పరీక్ష మధ్యలో సెల్ అయిపోతే నష్టపోయేది విద్యార్థి. ఒక మౌస్ ఇంకో కీబోర్డు పక్కకు చేరితే ఏది ఏ రిసీవర్‌దో తేల్చడానికే అరగంట పడుతుంది.

రిసీవర్ పోవడం ఈ సెట్‌కున్న అతిపెద్ద బలహీనత. నారింజ రంగు నక్షత్రం గుర్తున్న యూనిఫైయింగ్ రిసీవర్ అయితే కొత్తది కొని జత చేసుకోవచ్చు, ఒక్క దానికి ఆరు పరికరాల దాకా కలుస్తాయి. ఎంకే270తో వచ్చేదాని మీద సాధారణంగా ఆ గుర్తు ఉండదు. అది పోతే మౌస్, కీబోర్డు రెండూ ఒకేసారి మూలపడే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్‌కు గుచ్చి బ్యాగులో వేయకండి, తీసి మౌస్ గూట్లో పెట్టి, అడుగున ఉన్న స్విచ్ ఆపేయండి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నా, మీ ఊరి షాపులో కొన్నా డబ్బా అక్కడే తెరిపించి గూట్లో రిసీవర్ ఉందో లేదో చూడండి, రెండింటినీ షాపు కంప్యూటర్‌కే తగిలించి కొట్టి చూడండి, కీబోర్డు అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను బిల్లు మీద రాయించుకోండి.