జెమ్స్ ఫైళ్లు: కోడ్ల జాబితాకు పనికొస్తాయి, రోగి రికార్డు మార్చడానికి కాదు

అమెరికా ఆస్పత్రుల డేటా మీద పరిశోధన చేసేవాళ్లకు 2015 అక్టోబర్ 1 దగ్గర డేటా రెండు ముక్కలవుతుంది. అంతకుముందు జబ్బుల కోడ్లు ఐసీడీ-9-సీఎంలో (జబ్బులకు అంతర్జాతీయంగా ఇచ్చే ఐసీడీ కోడ్లకు అమెరికా చేసుకున్న క్లినికల్ కూర్పే సీఎం) ఉంటాయి, ఆ రోజు నుంచి ఐసీడీ-10-సీఎంలో. సుమారు 14 వేల కోడ్లున్న చోట సుమారు 70 వేలు వచ్చాయి. ఈ రెండింటినీ కలపడానికి అక్కడి ప్రభుత్వ సంస్థలు సీఎంఎస్, ఎన్‌సీహెచ్‌ఎస్ ఉచితంగా ఇచ్చినవే జనరల్ ఈక్వివలెన్స్ మ్యాపింగ్స్, క్లుప్తంగా జెమ్స్. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా ఆరోగ్య బీమా క్లెయిమ్‌ల డేటా చూసే అనలిస్టులు కూడా ముందుగా తెరిచేది వీటినే.

ఇవి మామూలు టెక్స్ట్ ఫైళ్లు. ఐ9జెమ్ పాత కోడ్ నుంచి కొత్తదానికి, ఐ10జెమ్ కొత్తదాని నుంచి పాతదానికి. ప్రతి వరుసలో మూడే ఉంటాయి: మూల కోడ్, గమ్య కోడ్, ఆ జోడీ ఎలాంటిదో చెప్పే అయిదంకెల ఫ్లాగ్. కోడ్లలో చుక్క ఉండదు. కలరాకు 0010 పక్కన ఏ000, ఫ్లాగ్ 00000, అంటే అర్థం సరిగ్గా ఒకటే. డయాబెటిస్‌కు 25000 పక్కన ఈ119, ఫ్లాగ్ 10000. మొదటి అంకె 1 అయితే దగ్గరి పోలిక మాత్రమే అని గుర్తు. ఎక్కువ వరుసలు ఇలాంటివే.

ఫైల్ తెరిచేటప్పుడే ఒక తప్పు జరిగిపోతుంది. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి. క్లాస్ట్రిడియం డిఫిసిల్ పేగు ఇన్‌ఫెక్షన్ కోడ్ 00845 కాస్తా 845 అవుతుంది. ఐసీడీ-9లో 845 అంటే చీలమండ, పాదం బెణుకు. అందుకే కోడ్ కాలమ్‌ను టెక్స్ట్‌గానే చదివించాలి. పక్కన వెర్షన్ కాలమ్ కూడా తప్పనిసరి: ఇంగ్లిష్ E అక్షరంతో మొదలయ్యేవి పాతదాంట్లో ప్రమాదాల వంటి బయటి కారణాలు, కొత్తదాంట్లో హార్మోన్, పోషకాహార, జీవక్రియ జబ్బులు. ఏ వెర్షన్ అనేది ఇన్‌పేషెంట్‌కు డిశ్చార్జ్ తేదీని బట్టి, అవుట్‌పేషెంట్‌కు సేవ అందిన తేదీని బట్టి తేల్చాలి.

అసలు చిక్కు రెండు ఫైళ్లు ఒకదానికొకటి అద్దం కాకపోవడం. ఆడవారి రొమ్ము క్యాన్సర్ 1749ని ఐ9జెమ్‌లో వెతికితే సీ50919 వస్తుంది, అంటే ఏ వైపో చెప్పనిది. కుడి రొమ్ముకు సీ50911, ఎడమకు సీ50912 ఉన్నాయి. పాత కోడ్‌కు కుడి ఎడమలు తెలియవు కాబట్టి ఆ ఫైల్ వాటిని చూపించదు. రోగి రికార్డును జెమ్స్‌తో మార్చకూడదనేది కూడా ఇందుకే. ఐ10జెమ్‌లో మాత్రం ఈ మూడూ 1749కే వస్తాయి. ఐ9జెమ్‌లో ముందుకు మాత్రమే వెతికి జబ్బు కోడ్ల జాబితా కట్టినవాళ్లు, డాక్టర్ వైపు స్పష్టంగా రాసిన రోగులనే పోగొట్టుకుంటారు. పాత కోడ్‌ను ఐ9జెమ్‌లో మూలంగా, ఐ10జెమ్‌లో గమ్యంగా, రెండు చోట్లా వెతికి, వచ్చినవన్నీ కలిపి, ఆ జబ్బు తెలిసిన డాక్టర్ చేత ఒక్కో కోడ్ చదివించాలి. ఈ చివరి మెట్టుకు బదులు ఏ సాఫ్ట్‌వేరూ లేదు.

మూడో అంకె 1 ఉంటే ఆగి చూడండి, అది కాంబినేషన్, అంటే ఒక కోడ్‌కు బదులు అవతల రెండు మూడు కోడ్లు కలిపి చూడాల్సినది. ఐ25110 అంటే గుండె రక్తనాళాల్లో కొవ్వు పేరుకోవడం, దాంతోపాటు అన్‌స్టేబుల్ యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ప్రమాదకరమైన ఛాతీ నొప్పి). దానికి రెండు వరుసలుంటాయి: 41401కి ఫ్లాగ్ 10111, 4111కి ఫ్లాగ్ 10112. నాలుగో అంకె సినారియో, అంటే ఏ కలయికో చెప్పేది; అయిదోది చాయిస్ లిస్ట్, అంటే ఆ కలయికలో ఎన్నో భాగమో చెప్పేది. ఒకే సినారియోలోని ప్రతి లిస్ట్ నుంచి ఒక్కో కోడ్ తీసుకోవాలి, రెండూ కలిసి ఉంటేనే లెక్క. ఏదో ఒకటి చాలనుకుంటే 41401 ఉన్న ప్రతి రోగీ అన్‌స్టేబుల్ యాంజైనా కింద చేరిపోతాడు. రెండో అంకె 1 అయితే జోడీయే లేదని. మందు చెప్పినదానికంటే తక్కువ తీసుకోవడానికి కొత్తగా ఇచ్చిన కోడ్లు అలాంటివి. ఐ10జెమ్‌లో వాటి ఎదురుగా నోడీఎక్స్ అని ఉంటుంది.

నిర్వచనం మారిన చోట జెమ్స్ చేయగలిగింది లేదు. అక్యూట్ గుండెపోటు గడువు ఐసీడీ-9లో 8 వారాలు, ఐసీడీ-10లో 4 వారాలు. ఆరో వారంలో వచ్చిన రోగికి పాతదాంట్లో 410 వరుస కోడ్ పడుతుంది, కొత్తదాంట్లో పడదు. కోడ్లు ఎంత జాగ్రత్తగా జత చేసినా ఈ తేడా పోదు.

మరో పరిమితి, చివరి కూర్పు 2018ది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన కోవిడ్ కోడ్ యూ07.1 ఇందులో ఉండదు. ఆ తర్వాత చేరిన కోడ్లకు ఏటా వచ్చే కన్వర్షన్ టేబుల్ (కొత్త కోడ్‌కు ముందు ఏ కోడ్ వాడేవారో చూపే పట్టిక) చూసుకోవాలి. మరణాల డేటాకైతే జెమ్స్ అసలు వాడకండి: అమెరికాలో మరణ కారణాలు 1999 నుంచే ఐసీడీ-10లో ఉన్నాయి, అది సీఎం వెర్షన్ కూడా కాదు.

జాబితా సిద్ధమయ్యాక 2014 నుంచి 2016 వరకు నెలవారీ కేసులను గ్రాఫ్‌గా గీయండి. 2015 సెప్టెంబర్, అక్టోబర్‌ల మధ్య గీత ఒక్కసారిగా లేచినా పడినా ముందు జాబితానే అనుమానించాలి. ఎక్కువ కేసులు తెచ్చిన అయిదారు కోడ్లను విడివిడిగా గీస్తే తేడా ఏ కోడ్‌ది అన్నది తరచూ బయటపడుతుంది. అది తేలేదాకా రెండు కాలాలనూ ఒకే ట్రెండ్‌గా కలపకండి.