కమోడ్ వీల్‌చెయిర్: రెండేళ్ల ఎనిమిది నెలలు వాడాక

మా అమ్మకి 74 ఏళ్లు. పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక తొలి నెలంతా డైపర్లు వేశాం, మంచం మీదే బెడ్ ప్యాన్ పెట్టాం. కుర్చీ సంగతికి ముందు ఆ నెల సంగతి చెప్పాలి.

అమ్మ నీళ్లు తాగడం తగ్గించేసింది. ఎప్పుడు ఇచ్చినా "దప్పిక లేదు అబ్బయా" అని గ్లాసు పక్కన పెట్టించేది. చివరికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణికిపోయింది. డాక్టరు గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది, నీళ్లు తాగితే ఒంటికి వస్తుందని, వస్తే కొడుకు చేత కడిగించుకోవాలని. మా ఆవిడ స్కూల్లో టీచరు, ఏడున్నరకే బయల్దేరుతుంది కాబట్టి పొద్దుటి పనంతా నాదే. శుభ్రంగా చేస్తున్నాను, ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. అమ్మకి కావలసింది చాటు. అది నేనెంత ఓర్పుగా చేసినా రాదు.

ఆ వారమే నెల్లూరులో ఒక సర్జికల్ షాపులో 5,800 పెట్టి ఈ కుర్చీ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఇలాంటివి చాలా ఉన్నాయి. స్టీలు పైపులు, నాలుగు చిన్న చక్రాలు, వెనక రెండింటికి బ్రేకులు, సీటు మధ్యలో ఖాళీ, కింద మూతున్న బకెట్. బకెట్ లాగేస్తే కుర్చీని వెనక్కి నెట్టి బాత్రూమ్‌లో వెస్టర్న్ కమోడ్ మీదికే తీసుకుపోవచ్చు. అమ్మ బెడ్ ప్యాన్ వదిలి మళ్లీ బాత్రూమ్‌లోకి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. కుర్చీ నిలబెట్టి బ్రేకులు వేయగానే "కొళాయి తిప్పి, తలుపేసి పో" అంది. చప్పుడు బయటికి వినపడకూడదని. అప్పట్నుంచి కొళాయి కింది బకెట్‌లోకి నీళ్లు వదిలి, తలుపు దగ్గరగా వేసి బయట నిలబడతాను. అయిపోయాక చెంబుతో బకెట్ మీద కొడుతుంది.

కొనేవాళ్లు ముందు టేపు పట్టుకుని బాత్రూమ్ తలుపు కొలవండి. మాది 26 అంగుళాలు, కుర్చీ 22, అందుకే సరిపోయింది. గడప రెండంగుళాలు అడ్డం వస్తే మేస్త్రీని పిలిచి సిమెంటుతో వాలు పోయించాను. ఇంకోటి, సీటు ముందువైపు తెరిచి ఉన్నదే తీసుకోండి. గుండ్రంగా మూసేసిన సీటులో చెయ్యి లోపలికి పోదు. మాది తెరిచి ఉంది కాబట్టే, హ్యాండ్ షవర్ పెట్టించాక అమ్మ కుడిచేత్తో తనే కడుక్కోవడం మొదలుపెట్టింది. ముందు నుంచి వెనక్కి కడగాలని, లేకపోతే ఇన్‌ఫెక్షన్ మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పింది కూడా అమ్మ బాగా గుర్తుపెట్టుకుంది.

మంచం మీంచి కుర్చీలోకి మార్చడం ఫిజియోథెరపీ అబ్బాయి నేర్పించాడు. కుర్చీ మంచి చెయ్యి వైపు, కొంచెం ఏటవాలుగా, మంచానికి ఆనించి పెట్టాలి. బ్రేకులు వేసి, కాళ్లు పెట్టుకునే పలకలు పక్కకి తిప్పేసి, ఆమె పాదాలు రెండూ నేల మీద ఆనాకే లేపాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని మాత్రం లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి అది పట్టుకుంటాను. "అమ్మా, లేపుతున్నా" అని చెప్పి, ఆమె "ఊ" అన్నాకే. ఒకరోజు ఆఫీసుకి టైమైపోతోందని తొందరలో బ్రేకు వేయలేదు. కుర్చీ జారింది, ఇద్దరం నేల మీద పడ్డాం. దెబ్బలేం తగల్లేదు కానీ ఆ రోజంతా మళ్లీ నీళ్లు ముట్టలేదు. ఆ తప్పు నాదే.

బట్టల విషయంలో టైలరు చాలా సాయం చేసింది. నైటీల వెనక వైపు కింది నుంచి నడుము దాకా చీల్చి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా రెండు రెక్కలు వేసి నాడాలు కుట్టింది. కుర్చీలో కూర్చునేటప్పుడు వెనక రెక్కలు పక్కకి తీస్తే చాలు, ముందు అంతా కప్పే ఉంటుంది. తొడిగేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు మంచి చెయ్యి ముందు. స్నానానికి పాత నూలు చీర ముక్క ఒళ్లో కప్పుతాను, దాని కింద తనే రుద్దుకుంటుంది, వీపు, పాదాలు నేను. నీళ్ల వేడి కూడా తన కుడిచేత్తో చూసి చెప్పాకే పోస్తాను. ఎడమవైపు స్పర్శ సరిగా లేదు, కాలినా తెలియదు.

ఇక లోపాలు. ఏడో నెలకే వెల్డింగు దగ్గర తుప్పు మొదలైంది. రోజూ తడిసే వస్తువుకి ఈ పూత పనికిరాదు, డబ్బు కాస్త ఎక్కువైనా అల్యూమినియందో స్టెయిన్‌లెస్ స్టీలుదో కొనండి. రెండో వానాకాలానికి సీటు చిరిగి లోపలి స్పాంజికి తడి పట్టి వాసన వచ్చింది, ఎంత ఎండబెట్టినా పోలేదు. అమ్మ తన వల్లే వాసన అనుకుని రెండు రోజులు ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. అందుకే ఈ లోపాన్ని నేను చిన్నదనుకోను. ఆటో సీట్లు కుట్టే షాపులో కొత్త స్పాంజి, రెక్సిన్ వేయించాను, ఇప్పటికీ బాగుంది. రాత్రిళ్లు కుర్చీ కింది బకెట్‌లో ముందే కొన్ని నీళ్లు పోసి పెడితే కడగడం తేలిక. ఈ కుర్చీలో గంటలకొద్దీ కూర్చోబెట్టకండి, పుండ్లు పడతాయి.

కొనే స్థోమత లేనివాళ్లు కేంద్ర ప్రభుత్వం వాళ్ల రాష్ట్రీయ వయోశ్రీ యోజన గురించి అడగండి. 2017 ఏప్రిల్ 1న మా నెల్లూరులోనే మొదలైన పథకం ఇది. పేద కుటుంబాల్లో 60 దాటినవాళ్లకి క్యాంపుల్లో ఉచితంగా ఇచ్చే పరికరాల్లో కమోడ్ వీల్‌చెయిర్ కూడా ఉంది.

ఇప్పుడు తుప్పు బాగా ఎక్కింది కాబట్టి అల్యూమినియంది చూస్తున్నాను, చేతులు పెట్టుకునే కడ్డీలు పైకి లేచేది. ఫోన్లో ఫొటో చూపిస్తే అమ్మ ధర అడగలేదు, "అది లోపల పెట్టినాక తలుపు పడుద్దా?" అంది. కొలిచాను. పడుతుంది.