జాగ్రత్త: "పాత గేమ్స్ అన్నీ నడుస్తయ్" అని అమ్ముతున్న సెకండ్ హ్యాండ్ సిస్టమ్‌లు, డబ్బులు కట్టే ముందు ఇవి చూసుకోండి

హనుమకొండ, వరంగల్, కాజీపేటలోనే కాదు, కరీంనగర్, మంచిర్యాల వైపు కూడా సెకండ్ హ్యాండ్ సీపీయూ గానీ ల్యాప్‌టాప్ గానీ కొనబోతున్న వాళ్లంతా ఇది చదవండి. ఇంట్లో పిల్లల కోసం కొనేవాళ్లు మరీ ముఖ్యంగా.

"అన్నా, విండోస్ 11 అయినా సరే, వైస్ సిటీ, మోస్ట్ వాంటెడ్, ఐజీఐ అన్నీ నడుస్తయ్. ఐదు వందల గేమ్స్ ఎక్కించి ఇస్తం" అని చెప్పి అమ్మిన సిస్టమ్ ఒకటి ఈ మధ్య చేతికొచ్చింది. గేమ్స్ నిజంగానే నడుస్తున్నాయి. ఎట్లా నడుస్తున్నాయా అని సెట్టింగ్స్ తెరిస్తే అసలు సంగతి బయటపడింది. సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే రానిచ్చే కాపలా) ఆఫ్. మెమరీ ఇంటిగ్రిటీ (విండోస్ లోపలి భాగంలోకి చెడ్డ డ్రైవర్లు దూరకుండా చూసేది) ఆఫ్. విండోస్ టెస్ట్ మోడ్‌లో, అంటే మైక్రోసాఫ్ట్ డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను కూడా రానిచ్చే పద్ధతిలో ఉంది. సీ డ్రైవ్ మొత్తాన్ని విండోస్ యాంటీవైరస్ డిఫెండర్ చూడకుండా వదిలేసే జాబితాలో (ఎక్స్‌క్లూజన్లలో) పెట్టారు, అంటే యాంటీవైరస్ ఉన్నా లేనట్టే. విండోస్ అప్‌డేట్ సర్వీస్‌ను డిసేబుల్ చేశారు. ఆ ఇంట్లోవాళ్లు అదే సిస్టమ్ మీద నెట్ బ్యాంకింగ్ చేస్తున్నారు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు ఆధార్ కాపీలతో సహా నింపుతున్నారు. కొన్నవాళ్లకు వీటిలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

ఇట్లా ఎందుకు చేస్తారో తెలిస్తే మోసం ఎక్కడుందో పట్టుకోవడం తేలిక. 2000 తర్వాత సీడీ, డీవీడీల మీద వచ్చిన చాలా గేమ్‌లకు సేఫ్‌డిస్క్ అనే కాపీ రక్షణ ఉండేది. అసలు డిస్క్ పెట్టారా లేదా అని చూడటానికి అది విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని గుండెకాయ లాంటి భాగంలో, సెక్‌డీఆర్‌వీ అనే డ్రైవర్‌ను నడిపించేది. కెర్నెల్‌లో నడిచే ప్రోగ్రామ్‌కు కంప్యూటర్‌లో అడ్డు చెప్పేవాళ్లు ఉండరు. ఆ డ్రైవర్‌లోనే లోపం బయటపడి, దాన్ని పట్టుకుని దాడులు కూడా జరిగితే, 2007 డిసెంబర్‌లో మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. 2015లో వచ్చిన విండోస్ 10లో ఆ డ్రైవర్‌ను పూర్తిగా తీసేసింది. అదే ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్‌తో విస్టా, 7, 8లో కూడా ఆపేసింది. అందుకే మీ దగ్గరున్న అసలు డిస్క్ పెట్టినా గేమ్ తెరుచుకోదు. డిస్క్ చెడిపోలేదు, డ్రైవ్ చెడిపోలేదు. తాళం చెవి లాంటి ఆ డ్రైవర్ ఇప్పుడు విండోస్‌లో లేదు, అంతే.

కొందరు ఆ పాత డ్రైవర్‌కు సొంతంగా సంతకం పెట్టి మళ్లీ ఎక్కిస్తారు. మైక్రోసాఫ్ట్ సంతకం లేని కెర్నెల్ డ్రైవర్‌ను 64 బిట్ విండోస్ మామూలుగా ఒప్పుకోదు కాబట్టి టెస్ట్ మోడ్ ఆన్ చేస్తారు. సెక్యూర్ బూట్ ఉంటే టెస్ట్ మోడ్ ఆన్ కాదు కాబట్టి దాన్నీ తీసేస్తారు. మెమరీ ఇంటిగ్రిటీ ఆ డ్రైవర్‌ను అడ్డుకోవచ్చు కాబట్టి అదీ పోతుంది. ఒక్క గేమ్ కోసం ఇంటి తలుపులన్నీ గొళ్లెం తీసిపెట్టినట్టు. ఇంకొందరు ఈ కష్టం కూడా పడరు. నో-సీడీ క్రాక్ (డిస్క్ అడగకుండా మార్చేసిన గేమ్ ఫైల్) పెట్టేసి, డిఫెండర్ దాన్ని పట్టుకుంటుంటే "అది ఊరికే అట్లా చూపిస్తది" అని డిఫెండర్ నోరు నొక్కుతారు. కొన్ని క్రాక్‌ల విషయంలో అది తప్పుడు అలారం అయ్యే మాట నిజమే. కానీ ఐదు వందల గేమ్‌ల పెన్‌డ్రైవ్‌లో ఏది తప్పుడు అలారమో, ఏది పాస్‌వర్డ్‌లు దొంగిలించేదో అమ్మేవాడికీ తెలియదు. అది తేల్చే పని యాంటీవైరస్‌ది, దాన్నే ఆపేశారు.

షాపులోనే, డబ్బులు ఇవ్వక ముందే చూసుకోండి. పది నిమిషాలకు మించి పట్టదు.

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో సెక్యూర్ బూట్ స్టేట్ అనే వరుస ఆన్ అని ఉండాలి. పక్కనే బయోస్ మోడ్ చూడండి. యూఈఎఫ్‌ఐ అని ఉంటే మంచిది. లెగసీ అని ఉంటే విండోస్‌ను పాత పద్ధతిలో ఎక్కించారని అర్థం, అట్లా ఉన్నంతకాలం సెక్యూర్ బూట్ ఆన్ చేయలేరు. డెస్క్‌టాప్‌కు కుడివైపు కింద మూలలో టెస్ట్ మోడ్ అనే అక్షరాలు కనిపిస్తే ఇక వేరే రుజువు అక్కర్లేదు. ఆ అక్షరాలను దాచే టూల్స్ కూడా ఉన్నాయి, కాబట్టి అవి లేవని నిశ్చింతగా ఉండకండి. సెక్యూర్ బూట్ ఆన్ ఉందా లేదా అనేదే నమ్మదగ్గ గుర్తు.

తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ డీటెయిల్స్‌కు వెళ్లండి. మెమరీ ఇంటిగ్రిటీ అక్కడే ఉంటుంది. ఆఫ్ ఉంటే ఎందుకు ఆఫ్ చేశారో అడగండి. "ఆన్ పెడితే ఎఫ్‌పీఎస్ పడిపోతది" అంటారు, అంటే సెకనుకు తెర మీద కనిపించే ఫ్రేమ్‌లు తగ్గి ఆట నెమ్మదిస్తుందని. అందులో కొంత నిజం ఉంది. ఇంటెల్ ఏడో తరానికి ముందు ప్రాసెసర్లలో ఈ పనికి హార్డ్‌వేర్ సాయం లేదు, అందుకని భారం ఎక్కువ పడుతుంది. అయితే 2003లో, 2005లో వచ్చిన గేమ్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది ఎక్స్‌క్లూజన్లు. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, కిందికి జరిపి యాడ్ ఆర్ రిమూవ్ ఎక్స్‌క్లూజన్స్ తెరవండి. ఆ జాబితా ఖాళీగా ఉండాలి. సీ డ్రైవ్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్, గేమ్స్ ఫోల్డర్, ఏది కనిపించినా ఆ సిస్టమ్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. అదే పేజీలో సెట్టింగ్స్‌ను అడ్మినిస్ట్రేటర్ మేనేజ్ చేస్తున్నారు అని రాసి ఉంటే, డిఫెండర్‌ను పాలసీ పెట్టి కట్టేశారన్నమాట. సొంతానికి కొనుక్కునే కంప్యూటర్‌కు వేరే అడ్మినిస్ట్రేటర్ ఎవరు? సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీకి కూడా వెళ్లండి. మీ సంస్థ యాక్టివేషన్ సర్వీస్ ద్వారా యాక్టివేట్ అయింది అని అక్కడ కనిపిస్తే అది దొంగ యాక్టివేటర్ పని కావచ్చు. ఏ సంస్థ అని అడిగితే జవాబు రాదు. యూజర్ అకౌంట్ కంట్రోల్ (ఏ ప్రోగ్రామ్ అయినా సిస్టమ్‌ను మార్చబోతే మిమ్మల్ని అడిగేది) స్లైడర్ అట్టడుగున ఉందేమో, సర్వీసెస్‌లో విండోస్ అప్‌డేట్ డిసేబుల్ అని ఉందేమో కూడా ఒక చూపు చూడండి.

గేమ్స్ ఆడే కుర్రాళ్లకు ఇంకో నష్టం. వాలరెంట్ అనే ఆన్‌లైన్ గేమ్‌కు విండోస్ 11లో టీపీఎం 2.0 (సెక్యూరిటీ కీలు దాచే చిప్), సెక్యూర్ బూట్ రెండూ ఉండి తీరాలి. లేకపోతే ఆటలో మోసాన్ని పట్టే దాని వాన్‌గార్డ్ ప్రోగ్రామ్ ఎర్రర్ చూపించి ఆపేస్తుంది. పాత గేమ్ కోసం తాళాలు తీసిన సిస్టమ్ మీద కొత్త గేమ్ తెరుచుకోదు.

ఇప్పటికే కొనేసి ఉంటే, సెట్టింగ్స్ ఒక్కొక్కటీ తిప్పుకుంటూ కూర్చోకండి. తలుపులు తెరిచి ఉన్నన్నాళ్లూ లోపలికి ఏమేం వచ్చాయో చెప్పలేం కదా. మీ ఫోటోలు, ఫైళ్లు మాత్రం వేరే డిస్క్‌లోకి తీసుకోండి, గేమ్స్, సెటప్ ఫైళ్లు వద్దు. 8 జీబీ లేదా అంతకంటే పెద్ద పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ తయారు చేసుకుని, దాంతో బూట్ చేసి, ఆ డిస్క్ మీది పార్టిషన్లన్నీ డిలీట్ చేసి కొత్తగా ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌ను మాత్రం వేరే, నమ్మకమైన కంప్యూటర్ మీద తయారు చేయండి. అన్ని బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు మార్చేదీ ఆ కంప్యూటర్ నుంచో, ఫోన్ నుంచో చేయాలి. డబ్బులు పోయినట్టు తెలిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

ఒక ప్రమాదం మాత్రం ముందే చూసుకోవాలి. విండోస్ 11లో డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని ఫైళ్లకు వేసే తాళం) ఆన్ అయి ఉంటే, సెక్యూర్ బూట్‌ను మార్చగానే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ సాధారణంగా సిస్టమ్‌ను మొదట సెటప్ చేసిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. షాపాయన తన అకౌంట్‌తో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ ఆయన దగ్గరే ఉన్నట్టు. మీ ఫైళ్లు బయటికి తీసుకోకుండా, సెక్యూర్ బూట్ ఉండే బయోస్ సెట్టింగ్స్ జోలికి వెళ్లొద్దు.

మరి పాత గేమ్స్ ఆడొద్దా అంటే, హాయిగా ఆడొచ్చు. చాలా వాటికి సెక్యూరిటీలో ఏదీ తీసేయనక్కర్లేదు, చాలామంది తీసేస్తున్నది దారి తెలియక. డేవ్ లాంటి డాస్ గేమ్స్ 16 బిట్‌వి. 64 బిట్ విండోస్ వాటిని ఏ కాంపాటిబిలిటీ మోడ్ పెట్టినా నడపదు. విండోస్ 11కు 32 బిట్ వెర్షనే లేదు. వాటికి డాస్‌బాక్స్ అనే, పాత డాస్ కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. గేమ్ ఫైల్‌ను పట్టుకుని డాస్‌బాక్స్ ఐకాన్ మీద వదిలితే తెరుచుకుంటుంది. మరీ వేగంగా పరిగెడితే కంట్రోల్ ఎఫ్11తో తగ్గించండి, నత్తనడక నడిస్తే కంట్రోల్ ఎఫ్12తో పెంచండి.

డైరెక్ట్ఎక్స్ (గేమ్ బొమ్మలకు, శబ్దానికి వాడే విండోస్ భాగం) ఫైల్ లేదని, డీ3డీఎక్స్9_43 అనే పేరుతో ఎర్రర్ వస్తే ఆ ఒక్క ఫైల్‌ను ఏదో సైట్ నుంచి దించుకోకండి, వైరస్‌లు వచ్చే దారుల్లో అదొకటి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే 2010 జూన్ డైరెక్ట్ఎక్స్ ప్యాకేజీ ఎక్కించండి, అది ఇప్పటి డైరెక్ట్ఎక్స్ 12ను ఏమీ చెడగొట్టదు. డైరెక్ట్‌ప్లే (పాత గేమ్‌ల నెట్‌వర్క్ భాగం) కావాలని గేమ్ అడిగితే కంట్రోల్ ప్యానెల్‌లో విండోస్ ఫీచర్స్ తెరిచి లెగసీ కాంపొనెంట్స్ కింద టిక్ పెట్టండి. రంగులు కలగాపులగం అయినా, తెర నల్లగా ఉండిపోయినా డీజీవూడూ అనే ఉచిత టూల్ తీసుకోండి. దాని ఎంఎస్ ఫోల్డర్‌లోని ఎక్స్86 డీఎల్ఎల్ ఫైళ్లను గేమ్ ఫోల్డర్‌లో పెట్టాలి. మీ విండోస్ 64 బిట్ అయినా గేమ్ 32 బిట్‌ది కాబట్టి ఎక్స్86వే కావాలి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

సేవ్ చేసిన ఆట మాయమైందనే ఫిర్యాదు బాగా వినిపిస్తుంది. పాత గేమ్ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాయబోతే విండోస్ దాన్ని మీ యాప్‌డేటాలోని వర్చువల్‌స్టోర్‌కు మళ్లిస్తుంది. మరుసటి రోజు అదే గేమ్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిస్తే అది వేరే చోట వెతుకుతుంది, సేవ్ కనపడదు. గేమ్‌ను సీ డ్రైవ్‌లో గేమ్స్ అని సొంత ఫోల్డర్‌లో పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు, అడ్మిన్ హక్కులూ ఇవ్వక్కర్లేదు. డాక్యుమెంట్స్‌లో సేవ్ చేసే జీటీఏ శాన్ ఆండ్రియాస్ లాంటి గేమ్స్ సేవ్ కాకపోతే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ (తెలియని ప్రోగ్రామ్‌లు మీ ఫోల్డర్లలో రాయకుండా ఆపేది) ఆన్ ఉందేమో చూడండి. దాన్ని ఆపొద్దు, ఆ ఒక్క గేమ్‌ను అనుమతి జాబితాలో చేర్చండి.

ప్రతి తప్పూ సెక్యూరిటీ మీద వేయడం కూడా సరికాదు. విండోస్ 11కు 24హెచ్2 అనే అప్‌డేట్ వచ్చాక శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ విమానం మాయమైంది. చూస్తే తప్పు గేమ్‌ది. ఆ విమానం వివరాల్లో కొన్ని విలువలు రాయకుండా వదిలేశారు, ఇరవై ఏళ్లు అదృష్టం కొద్దీ గడిచిపోయింది. సైలెంట్‌ప్యాచ్ అనే ఉచిత సవరణ ఫైల్‌తో సరిపోతుంది, ఏ సెట్టింగూ తీయాల్సిన పని లేదు.

హాస్టళ్లలో లాన్ మీద ఆడేందుకు, గేమ్ ఫోల్డర్లు పంచుకునేందుకు ఎస్ఎంబీ 1.0 అనే పాత ఫైల్ షేరింగ్ పద్ధతిని ఆన్ చేసి ఇస్తున్నవాళ్లుంటే వెంటనే తీయించండి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నక్రై వైరస్ పాకింది ఆ దారినే, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దెబ్బతిన్నాయి.

అసలు సేఫ్‌డిస్క్ డిస్కులే దాచుకుని, వాటితోనే ఆడాలని మనసుంటే, దానికి మంచి దారి పాత సిస్టమ్. కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్, జీఫోర్స్ 8400 లేదా 9500 లాంటి కార్డు, డీవీడీ డ్రైవ్, విండోస్ ఎక్స్‌పీ. నెట్ కేబుల్ మాత్రం పెట్టొద్దు, వైఫై అడాప్టర్ వద్దు. బ్యాంకు, మెయిల్, ఫొటోలు ఏవీ దాంట్లో ఉండవు కాబట్టి భయం లేదు.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఒక మాట. కొన్ని చౌక మోడళ్లు ఎస్ మోడ్‌తో వస్తాయి, వాటిలో మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్‌లు తప్ప ఏ గేమ్ సెటప్పూ తెరుచుకోదు. "అన్‌లాక్ చార్జీ" అని డబ్బులు అడిగితే ఇవ్వకండి. యాక్టివేషన్ పేజీ నుంచి స్టోర్‌కు వెళ్లి ఉచితంగా బయటికి రావచ్చు. ఒకసారి వచ్చాక తిరిగి ఎస్ మోడ్‌లోకి వెళ్లలేరు, అంతే తేడా.

ఆఫీసుల నుంచి వచ్చే నాలుగో తరం, ఆరో తరం ఐ5 డబ్బాల మీద విండోస్ 11 కనిపిస్తే అది అడ్డదారిలో ఎక్కించిందే. ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం నుంచే మైక్రోసాఫ్ట్ ఒప్పుకుంటుంది. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14న అయిపోయింది. ఈ రెండూ చెప్పి ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

బిల్లు మీద సీరియల్ నంబర్, ప్రాసెసర్ తరం, విండోస్ లైసెన్స్ ఉందా లేదా అనేవి రాయించుకోండి. "గేమ్స్ ఫ్రీగా ఇస్తున్నం కదా, బిల్లు ఎందుకు" అంటే అక్కడ కొనకండి. కొన్నాక మోసం బయటపడి, షాపువాళ్లు మాట తప్పితే, ఆ బిల్లు, పైన చెప్పిన స్క్రీన్‌ల ఫొటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఫొటోలు విండోస్ మళ్లీ ఎక్కించక ముందే తీసుకోవాలి, ఎక్కించాక రుజువు మిగలదు.