కరామా టైపింగ్ సెంటర్‌లో భార్య వీసా: పని వచ్చినవారే, అరబ్బీ మాత్రం మనమే చూసుకోవాలి

దుబాయిలో ఉద్యోగం చేసేవారి వీసా వ్యవహారాలన్నీ కంపెనీ పీఆర్‌ఓ, అంటే ప్రభుత్వ కార్యాలయాలలో కంపెనీ పనులు చక్కబెట్టే ఉద్యోగి, చూసుకుంటాడు. భార్యాబిడ్డలను రప్పించుకోవాలనుకున్న రోజున మాత్రం ఆయన మర్యాదగా తప్పుకుంటాడు, ఎందుకంటే అది కంపెనీ పని కాదు, మన సొంత పని. అప్పుడు మనకు దిక్కు, ప్రభుత్వ దరఖాస్తులు నింపి పంపే టైపింగ్ సెంటర్. మా ఆవిడ రెసిడెన్స్ వీసా కోసం నేను కరామాలోని ఒక సెంటర్ మెట్లు నాలుగుసార్లు ఎక్కాను. మా కంపెనీ పనులు కూడా అక్కడే జరుగుతాయి కనుక దాని పేరు రాయడం లేదు.

కొత్తగా వచ్చినవారి కోసం ఒక మాట. దరఖాస్తులు అరబ్బీలో టైపు చేసి ఇవ్వవలసిన పాత రోజుల నుంచి ఆ పేరు అలా నిలిచిపోయింది. ఇప్పుడు వలస శాఖ పనులకు ఆమెర్ కేంద్రాలు, కార్మిక శాఖ పనులకు తస్‌హీల్ కేంద్రాలు అని విడివిడిగా ఉన్నా, జనం నోట అన్నీ టైపింగ్ సెంటర్లే. నేను వెళ్లినది ఆమెర్ అనుమతి ఉన్నది. లోపల టోకెన్ యంత్రం, ఆరు కౌంటర్లు, ఒక మూల జెరాక్స్ మెషీను, దాని పక్కనే ఫొటో తీసే తెల్లని తెర ఉంటాయి.

నా టోకెన్ పిలిచిన కౌంటర్‌లో ఒక మలయాళీ పెద్దమనిషి ఉన్నారు. నేను కాగితాల కట్ట ముందు పెట్టగానే ఆయన మా ఆవిడ పాస్‌పోర్టు తీసి, ఫొటో ఉన్న పేజీ జోలికి పోకుండా నేరుగా చివరి పేజీ తిప్పారు. మన పాస్‌పోర్టులో తల్లి, తండ్రి, భర్త పేర్లు ఉండేది అక్కడే. తరవాత పెళ్లి సర్టిఫికెట్ విప్పి, అందులో నా పేరుకు ముందున్న ఒంటి అక్షరం మీద వేలు పెట్టి, "భాయ్, ఇక్కడ ఇనీషియల్ మాత్రమే ఉంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు మొత్తం ఉంది" అన్నారు. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఆ కాగితం తీసుకున్న రోజు నుంచి నేను గాని, మా మామగారు గాని, దాని మీద ముద్రలు వేయించిన ఏజెంటు గాని గమనించని విషయం అది. తెలుగువారిలో ఈ చిక్కు లేని ఇల్లు అరుదు, పదో తరగతి మెమోలో ఒక తీరు, పాస్‌పోర్టులో మరొక తీరు. ఆ సర్టిఫికెట్‌ను అరబ్బీలోకి అనువదించే లీగల్ ట్రాన్స్‌లేటర్‌కు రెండు పాస్‌పోర్టుల నకళ్లు కూడా ఇచ్చి రమ్మని ఆయన చెప్పకపోయి ఉంటే, దరఖాస్తు వెనక్కి వచ్చిన తరవాత గాని నాకు సంగతి తెలిసేది కాదు.

కాగితాల వరుస కూడా ఆయనకు కంఠతా వచ్చు. పెళ్లి సర్టిఫికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, మన విదేశాంగ శాఖ ముద్ర, యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర ఇండియాలోనే పడాలి. ఇక్కడి విదేశాంగ శాఖ ముద్రకు 150 దిర్హాములు వేరు. అద్దె ఒప్పందం ఎజారీలో, అంటే దుబాయి ప్రభుత్వ అద్దె నమోదు వ్యవస్థలో, నమోదై ఉండాలి. భార్యను స్పాన్సర్ చేయడానికి జీతం నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000 ఉండాలి. ఇవన్నీ ప్రభుత్వ సైట్లలో ఉన్నవే, కాని ఏది ముందు, ఏది తరవాత అన్నది అక్కడ చదివితే బోధపడదు. ఈయన ఒక పాత రసీదు వెనుక బాల్‌పెన్‌తో ఐదు ముక్కలలో రాసి ఇచ్చారు: ఎంట్రీ పర్మిట్, మెడికల్, ఎమిరేట్స్ ఐడీ (ఇక్కడి గుర్తింపు కార్డు), ఇన్సూరెన్స్, రెసిడెన్స్. ఆమె దేశంలో అడుగుపెట్టిన నాటి నుంచి అరవై రోజులలో ఇదంతా ముగియాలని చెప్పి "60" చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టారు. ఆ చీటీ ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపు మీద ఉన్నది.

ఇక ఖర్చు. నా వృత్తి అకౌంట్లు కనుక రసీదును పూర్తిగా చదవడం అలవాటు. ప్రభుత్వ రుసుము ఒక వరుస, నాలెడ్జ్ ఫీజు పది దిర్హాములు, ఇన్నోవేషన్ ఫీజు పది దిర్హాములు, ఆ కింద సెంటర్ వారి సర్వీస్ చార్జి, దాని మీద ఐదు శాతం వ్యాట్. విడివిడిగా వేశారు, దాపరికం లేదు. అభ్యంతరం ఒక్కచోటే. మెడికల్ పరీక్షకు మామూలు గడువు, 48 గంటలు, 24 గంటలు అని వేర్వేరు ధరలు ఉంటాయి. నన్ను అడగకుండానే 24 గంటలది టైపు చేశారు. మా చేతిలో ఇంకా యాభై రోజులు ఉండగా ఆ తొందర ఎవరికోసమో అర్థం కాలేదు. అడిగితే నవ్వి మార్చారు, అడగకపోతే అదే ఉండిపోయేది. పక్క కౌంటర్‌లో ఒక కుర్రవాడు అదే రకం రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లడం కళ్లారా చూశాను.

అసలు ఇబ్బంది అరబ్బీ దగ్గర వచ్చింది. ఎమిరేట్స్ ఐడీ మీద పేరు ఇంగ్లీషులోను, అరబ్బీలోను రెండింటా ఉంటుంది. అరబ్బీ లిపిలో మన పకారం లేదు, దానికి బదులు "బా" రాస్తారు కనుక పద్మ అన్న పేరు అక్కడ బద్మ అవుతుంది. అది అందరికీ జరిగేదే. గకారానికి మాత్రం స్థిరమైన అక్షరం లేదు, ఒకరు "ఘైన్" రాస్తారు, ఒకరు "జీమ్" రాస్తారు, "కాఫ్" రాసేవారూ ఉన్నారు. మా ఇంటిపేరు గకారంతోనే మొదలవుతుంది. నా కార్డులో అది ఘైన్‌తో ఉన్నది. మా ఆవిడ ఎంట్రీ పర్మిట్‌లో జీమ్‌తో టైపు చేశారు. డ్రాఫ్టు కాపీ ఇచ్చి సరిచూడమన్నప్పుడు నేను ఇంగ్లీషు అక్షరాలు, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ ఒకటికి రెండుసార్లు చూసి సంతకం పెట్టాను. అరబ్బీ వైపు చూపు పోలేదు, పోయినా చదవడం రాదు. ఆఫీసులో ఒక సూడాన్ మిత్రుడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివి, మీరిద్దరూ వేర్వేరు కుటుంబాలా అని అడిగే వరకు మాకు ఈ తేడా ఉందని కూడా తెలియదు.

మూడోసారి వెళ్లింది దీని కోసమే. కార్డు అచ్చు కాకముందే పట్టుకున్నాము కనుక సవరణ దరఖాస్తుతో పని జరిగింది. సెంటర్ వారు తమ సర్వీస్ చార్జి వదులుకున్నారు, ప్రభుత్వ రుసుము మాత్రం నేనే మళ్లీ కట్టాను. సంతకం నాదే కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉన్నదేమో గాని, భర్త కార్డు నకలు ఫైలులోనే ఉండగా ఒక్కసారి పోల్చి చూడడం వారి పని కాదా అన్న ప్రశ్న నాకు అలాగే మిగిలింది.

మిగిలినది సాఫీగా సాగింది. రక్తపరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఒక పూటలో ముగిశాయి, వేలిముద్రలు మరొక రోజు తీసుకున్నారు, కార్డు కొరియర్‌లో ఇంటికి వచ్చింది. పాస్‌పోర్టులో వీసా స్టిక్కరు వేసే పద్ధతి 2022లో పోయింది కనుక ఆ కార్డే నివాసానికి ఆధారం.

ఇవన్నీ యూఏఈ పాస్ అనే ప్రభుత్వ డిజిటల్ గుర్తింపు యాప్‌తో ఫోనులోనే చేసుకోవచ్చు కదా అని మిత్రులు అంటారు. రెన్యువల్‌కు నేనూ అలాగే చేస్తాను, అప్పటికి వివరాలన్నీ వ్యవస్థలోనే ఉంటాయి. మొదటిసారి కుటుంబ వీసాకు మాత్రం ఆ సర్వీస్ చార్జి దండుగ కాదన్నది నా అభిప్రాయం. యాప్ ఇనీషియల్ మీద వేలు పెట్టి చూపించదు. ఈ సెంటర్‌కు ఐదు మార్కులకు మూడున్నర ఇస్తాను. వెళ్లేవారు శుక్రవారం మధ్యాహ్నం పెట్టుకోకండి. పార్కింగ్ దొరకదు, మెట్రోలో రావడమే మేలు.

త్వరలో మాకు బిడ్డ పుట్టబోతున్నది. ఇక్కడ పుట్టిన బిడ్డకు 120 రోజులలోగా రెసిడెన్స్ తీసుకోవాలి, అంతకంటే ముందు మన కాన్సులేట్ నుంచి పాస్‌పోర్టు రావాలి. అందుకు మళ్లీ అదే సెంటర్‌కు, వీలైతే అదే కౌంటర్‌కు వెళ్తాను, మా ఇద్దరి కార్డులూ ముందు పెట్టి ఘైన్ చూపించిన తరవాతే సంతకం పెడతాను. పేరులోనైనా పకారం, గకారం లేకుండా చూడండి, ఇంటిపేరుతో పడింది చాలునని మా ఆవిడ అంటున్నది.